గొడుగులామె చిరునామా

పొద్దున్న ఏడింటి నుంచి ఆ కాగితం, ఆస్పత్రి కార్డు దరఖాస్తు నకలు, బల్ల మీదే పడి ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా బైండరు దాని మీద తన కళ్ళజోడు పెట్టాడు. కళ్ళజోడు లేకుండానే దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు.

“రేపు పదకొండింటికి,” అన్నాడు మూడోసారి. “ఆఫీసు మనిషి వస్తాడు. గొడుగులామె ఈ ఇంట్లోనే ఉంటోందా అని అడుగుతాడు. ఇంటి పెద్దని కాబట్టి నన్నే అడుగుతాడు. నేనేం చెప్పాలి?”

టైలరమ్మ మిషను ఆపలేదు. కిటికీ పక్కన కూర్చుని బడి పిల్లల చొక్కాలకి కాలర్లు వేస్తోంది. కాలు మామూలు కన్నా వేగంగా ఆడుతోంది.

“నిన్నే అడుగుతున్నా.”

“వినబడుతోంది.”

“వినబడితే జవాబు చెప్పు. ఫ్లైఓవర్ కింద పడుకునే మనిషికి మన ఇంటి నంబరు ఎలా వచ్చింది?”

“నేనే రాశాను.”

“అది తెలుసు! ఇరవై రెండేళ్ళ కాపురంలో నీ చేతిరాత గుర్తుపట్టలేనా? ఎందుకు రాశావని అడుగుతున్నా.”

గది మూల మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న అత్తయ్య తల ఎత్తింది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. చెవులు సగమే పనిచేస్తాయి, అదీ తనకు కావలసినప్పుడే.

“దాని రాత బాగానే ఉంటుందిరా,” అంది కొడుకుతో. “నీ రాతే, కోడి కెలికినట్టుండేది.”

“అమ్మా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?”

“ఊరుకున్నానుగా ఇందాకటి నుంచి.”

టైలరమ్మ కాలరు అంచు దాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు ఇటు తిరిగింది.

“ఆస్పత్రి కౌంటరు దగ్గర అడిగారండీ. చిరునామా ఏంటన్నాడు ఆ గుమాస్తా. అక్క తెల్లమొహం వేసింది. నలభై ఏళ్ళుగా ఈ ఊరి గొడుగులన్నీ బాగుచేసిన మనిషి, తను ఎక్కడుంటుందో చెప్పలేక నేలచూపులు చూసింది. వెనక వరసలో జనం కసురుకుంటున్నారు. నేను పెన్ను లాక్కుని రాసేశాను. చిరునామా లేకపోతే కార్డు ఇవ్వరు. కార్డు లేకపోతే ఆపరేషను చెయ్యరు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం ముసురుకుంటోంది. అదీ పోతే ఆవిడ ఏం చేసుకుని బతుకుతుంది?”

“నేను కన్ను గురించి మాట్లాడటం లేదు.”

“నేను కన్ను గురించే మాట్లాడుతున్నా.”

బైండరు లేచి గదిలో ఇటు నుంచి అటు నడిచాడు. ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు బైండు చేస్తున్న మనిషి. వేళ్ళ సందుల్లో జిగురు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది. కోపం వస్తే దాన్ని గోటితో గీకుతూ ఉంటాడు. ఇప్పుడూ అదే పని.

“పద్దెనిమిదేళ్ళుగా సంఘం ముందు నిలబడి వాక్యం చదువుతున్నాను. ఆ నోటితోనే రేపు అబద్ధ సాక్ష్యం చెప్పమంటావా?”

“మిమ్మల్ని ఏమీ చెప్పమనడం లేదు. రేపు మామూలుగా పనికి వెళ్ళిపోండి. నేనే చెప్పుకుంటాను.”

“నా గుమ్మంలో నిలబడి నా పెళ్ళాం అబద్ధం చెబుతుంటే, నేను ప్రెస్సులో కూర్చుని పేజీలు మడతపెట్టుకుంటూ ఉండాలా? అప్పుడది నా అబద్ధం కాకుండా పోతుందా?”

“పది ఆజ్ఞల్లోని ఆ మాటలో పొరుగువాడి ఊసు కూడా ఉందండీ. వాడికి కీడు చేసే సాక్ష్యం చెప్పొద్దని కదా. దీనివల్ల ఎవరికి కీడు?”

“నాకు వాక్యం నేర్పకు!”

ఆ కేకకి అత్తయ్య చేతిలోని వెల్లుల్లి రెబ్బ కింద పడింది. ఎవరూ తీయలేదు.

కాసేపటికి బైండరు గొంతు తగ్గించాడు. తగ్గాక ఆ గొంతులో కోపం కన్నా ఇంకేదో ఎక్కువగా వినిపించింది.

“రెండు నెలలు. రెండు నెలలు ఈ సంగతి కడుపులో దాచుకుని నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు. నాతో ప్రార్థనకి మోకరించావు. ఒక్క మాట చెప్పలేదు.”

“చెబితే వద్దనేవారు.”

“వద్దంటానని నువ్వే అనేసుకున్నావు. అడిగి చూశావా?”

టైలరమ్మ సూది కింద ఉన్న చొక్కా తీసేసింది. ఇంకో చొక్కా మిషను కిందికి జరుపుకుంది.

బైండరు గోడకి తగిలించిన గొడుగు తీసుకున్నాడు. దాని అంచున సన్నటి కొత్త కుట్టు ఉంది. అది ఎవరు వేశారో గుర్తొచ్చినట్టుంది. గొడుగు మళ్ళీ గోడకే తగిలించి, జల్లులోనే మెట్లు దిగాడు.

కింది వాటాలో ఓనరమ్మ ఆయన కోసమే కాచుకుని ఉంది. నిన్న ఆ కాగితం తెచ్చిన బంట్రోతు ముందు ఆవిడ తలుపే కొట్టాడు. ఆవిడది కూడా అదే సంఘం. ఆదివారం ముందు వరసలో కూర్చుంటుంది.

“బైండరు గారూ, ఇది ఇల్లా సత్రమా?” ఆ గొంతు పైదాకా వచ్చింది. “మీ అమ్మాయి నర్సింగు చదువుకని హాస్టలుకి వెళ్ళాక ముగ్గురమే అన్నారు. ఈ నాలుగో మనిషి ఎక్కడి నుంచి ఊడిపడింది? మీరు చదివే వాక్యానికి నేను ఆమేన్ చెప్పేదాన్ని. రేపు నేనూ పైకి వస్తాను. మీ నోటి నుంచి ఏం వస్తుందో వింటాను.”

బైండరు ఏమన్నాడో టైలరమ్మకి వినపడలేదు.

మధ్యాహ్నం వాన పెద్దదైంది. అది గొడుగులు విరిగే కాలం. ఫ్లైఓవర్ కింద మూడో స్తంభం దగ్గర గొడుగులామె చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. చుట్టూ రెక్కలు విరిగిన పక్షుల్లా నల్లటి గొడుగులు. కడ్డీలు పొడవును బట్టి నాలుగు డబ్బాల్లో వేసి ఉన్నాయి. ఒకప్పుడు చూసి తీసేది. ఇప్పుడు వేలితో కొలిచి తీస్తోంది.

టైలరమ్మ నీళ్ళలో టపటపా నడుస్తూ వచ్చింది.

“అడుగుల చప్పుడు తేడాగా ఉంది,” అంది గొడుగులామె తల ఎత్తకుండా. “ఇంట్లో గొడవా, కాళ్ళ నొప్పులా?”

“కాళ్ళ నొప్పులంటే నమ్ముతావా?”

“రోజంతా మిషను తొక్కేదానివి, నీకు నొప్పులేంటి? గొడవే. కూర్చో.”

వాళ్ళిద్దరి పరిచయం కూడా ఒక గొడవతోనే మొదలైంది. నాలుగేళ్ళ కిందట, తండ్రిని సమాధి చేసి వచ్చిన వారంలో, టైలరమ్మ తనే కుట్టుకున్న గొడుగు ఒకటి ఇక్కడికి తెచ్చింది. “ఈ కుట్టు వానకి వేశావా, పెళ్ళికి వేశావా?” అని అడిగింది ఈ ముసలమ్మ. టైలరింగులో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న తనని! ఆ వారంలో టైలరమ్మ మొదటిసారి నవ్వింది. నీళ్ళు దిగని మడత కుట్టు ఎలా వేయాలో ఆ సాయంత్రం ఈ పెట్టె పక్కనే కూర్చుని నేర్చుకుంది. అప్పటి నుంచి గుడ్డముక్కలు ఇవ్వడానికని వస్తుంది. వచ్చిన పని అయిపోయాక గంటసేపు కూర్చుంటుంది.

జరిగినదంతా చెప్పింది. గొడుగులామె వింటూనే ఒక కడ్డీకి తీగ చుట్టడం పూర్తి చేసింది.

“కాగితం వెనక్కి తీసేసుకో,” అంది చివరికి.

“అక్కా!”

“తీసేసుకో అంటున్నా. నా కన్ను కోసం నీ కాపురంలో నిప్పులు పోసుకుంటావా?”

“స్నేహమన్నాక ఆ మాత్రం చెయ్యకపోతే ఎందుకు?”

“స్నేహం కాదని ఎవరన్నారు? నాకు జ్వరమొస్తే వారం రోజులు మందులు తెచ్చి మింగించావు. మీ అమ్మాయి హాస్టలుకి వెళ్ళిన రోజు ఇదే పెట్టె మీద కూర్చుని నా కొంగుతో ముక్కు తుడుచుకున్నావు. అవన్నీ నాకు గుర్తే.” గొడుగులామె కడ్డీ పక్కన పెట్టింది. “ఒక మాట అడుగుతా. కోపం తెచ్చుకోకు. మీ ఇంటి గోడలకి ఏ రంగు?”

“ఏంటీ?”

“రంగు అడుగుతున్నా. నేనుంటున్నానని నువ్వు రాసిన ఇల్లే కదా. కిటికీ ఎటువైపు? మంచినీళ్ళు ఎక్కడ పెడతారు? రేపు ఆ మనిషి నన్నే అడిగితే ఏం చెప్పను?”

టైలరమ్మ తడిసిన చీర అంచు పిండుకుంది.

గొడుగులామె ఒక్కసారి వచ్చింది వాళ్ళింటికి. పోయినేడు, బాగుచేసిన గొడుగు ఇవ్వడానికి, అన్ని మెట్లూ ఎక్కి. ఆయన ఇంట్లో ఉన్నారని మెల్లగా చెప్పి, టీ గ్లాసు మెట్ల మీదకే తెచ్చి ఇచ్చింది తను. గొడుగులామె నిలబడే తాగింది. గ్లాసు ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇద్దరికీ అది మామూలు విషయంలాగే అనిపించింది. తనకైతే అలాగే అనిపించింది.

“నేను అడగలేదు, నువ్వు పిలవలేదు,” అంది గొడుగులామె. “తప్పు పట్టడం లేదు. నా చోటు నాకుంది. కానీ కాగితంలో మాత్రం నన్ను తీసుకెళ్ళి మీ ఇంట్లో కూర్చోబెట్టావు చూశావా, అది నాకు ఆ రోజే అదోలా అనిపించింది. కన్ను కావాలి కాబట్టి నోరు మూసుకున్నా.”

ఇంతలో ఒకాయన తడిసి ముద్దయి వచ్చాడు. చేతిలో గొడుగు విసురుగా తెరిచాడు. మొన్న వేసిన కుట్టు పక్కకి జారి, గుడ్డకీ కడ్డీకీ మధ్య నోరు తెరుచుకుని ఉంది.

“కళ్ళు కనపడనప్పుడు ఎందుకు ముట్టుకుంటావమ్మా? ఆఫీసుకి ఇలా వెళ్ళాలా నేను?”

గొడుగులామె చెయ్యి చాచింది. కుట్టు ఎక్కడ తప్పిందో వేళ్ళతో తడుముతోంది. వేళ్ళు దాన్ని దాటి వెళ్ళాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. టైలరమ్మ ఆ గొడుగు తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, నాలుగు నిమిషాల్లో మడత కుట్టు వేసి ఇచ్చింది. ఆయన చూసుకుని వెళ్ళిపోయాడు.

“బాగా వేశావా?” అని అడిగింది గొడుగులామె.

“నువ్వు నేర్పినట్టే వేశాను.”

ఆమె తల ఊపింది.

తిరిగి వెళ్ళేటప్పుడు టైలరమ్మకి తన సాక్ష్యం గుర్తొచ్చింది. ఈ ఏడాది మొదట్లో స్త్రీల కూడికలో లేచి నిలబడి, దేవుడు తనకు ఫ్లైఓవర్ కింద ఒక అక్కని ఇచ్చాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. ఆ అక్క అప్పటికి ఒక్కసారి కూడా తన ఇంట్లో కూర్చోలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. తనకీ తట్టలేదు.

సాయంత్రం బైండరు తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఆమె ఎదురు వెళ్ళింది.

“మీరన్నదే నిజం. ఆ కాగితం అబద్ధం.”

ఆయన చొక్కా పిండుకుంటూ ఆగిపోయాడు. పొద్దున్నుంచి ప్రెస్సులో కూడబెట్టుకున్న మాటలన్నీ అక్కర్లేకుండా పోయినట్టుంది.

“అయితే వెనక్కి తీసుకుంటావా?”

“అదెందుకు అబద్ధమో ముందు వినండి. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెని లోపలికి రమ్మనలేదు నేను. అందుకు అబద్ధం. పిలిచి ఉంటే అబద్ధం అయ్యేది కాదు.”

“అంటే?”

“అమ్మాయి మంచం ఖాళీగానే ఉందిగా.”

“ఇప్పుడిది నా మీదకి తోస్తున్నావా?” ఆయన గొంతు మళ్ళీ లేచింది. “నేనెప్పుడైనా రావద్దన్నానా?”

“అనలేదు. ఆమె వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉన్నారు. మీరు ఏమంటారోనని నేనే మెట్ల మీద నిలబెట్టేశాను. మీరు అనేదాకా రానివ్వలేదు.”

“నన్నంత బండరాయి అనుకున్నావా?”

ఆయన్ని బండరాయి అనుకుందో, ఆయన పేరు చెప్పుకుని తనే బండరాయి అయిందో, ఆమెకే తేలడం లేదు.

“ఒరేయ్,” అంది అత్తయ్య మంచం మీంచి. “ఆవిడకి గురక ఉందా?”

“ఎవరికి?”

“ఆ గొడుగులావిడకి. మనవరాలి మంచం నా పక్కనేగా. గురక ఉంటే ముందే చెప్పండి. నాకసలే నిద్ర పట్టదు.”

“ఇక్కడ ఎవరూ ఎవరినీ తీసుకురావడం లేదమ్మా!”

“అలాగా. సరే అయితే,” అని ఆవిడ గోడ వైపు తిరిగింది. “నువ్వు తెస్తావేమోననుకున్నా.”

భోజనాలయ్యాక రోజూలాగే ప్రార్థనకి కూర్చున్నారు. బైండరు ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఊరి కోసం, పాలించేవాళ్ళ కోసం, రోగుల కోసం, దారి తప్పినవాళ్ళ కోసం, అన్నీ వరస తప్పకుండా వస్తాయి. ఇవాళ “ప్రభువా” అన్నాడు. ఆగాడు. మళ్ళీ “ప్రభువా” అన్నాడు. ఆ పైన మాట రాలేదు. అత్తయ్య ఒక కన్ను తెరిచి కొడుకుని చూసింది. చివరికి ఆయన ఆమేన్ కూడా అనకుండానే లేచి వెళ్ళి పడుకున్నాడు.

పొద్దున్న టైలరమ్మ లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. బల్ల మీద కాగితం లేదు.

“ఎటెళ్ళారత్తయ్యా?”

“చెప్పలేదు. చెప్పులేసుకున్నాడు, వెళ్ళాడు.”

ఇంకెక్కడికి వెళతారు? ఆఫీసుకే. మనిషి ఇక్కడికి రాకముందే తనే వెళ్ళి కాగితం రద్దు చేయించుకుంటారు. మా ఆవిడ తప్పు రాసిందని చెబుతారు. ఆమె మిషను ముందు కూర్చుంది. సూది గుచ్చుకుంది. లేచింది. గిన్నెలు కడిగింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఎనిమిదిన్నర అయింది.

సరిగ్గా తొమ్మిదింటికి మెట్ల మీద ఏదో బరువైనది గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

“ఇంకెన్ని ఉన్నాయయ్యా ఈ మెట్లు? తిన్నగా పరలోకానికే తీసుకెళ్తున్నారా?”

ఆ గొంతు విని టైలరమ్మ పరుగెత్తింది. ముందు బైండరు. ఆయన భుజం మీద చెక్కపెట్టె. వానకి తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. వెనక గొడుగులామె, కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టూ కాలితో వెతుక్కుంటూ.

“రా అక్కా. లోపలికి రా.” టైలరమ్మ రెండు మెట్లు దిగి చెయ్యి అందించింది. “లోపలికి రా.”

“నేను వస్తానని ఒప్పుకోలేదు,” అంది గొడుగులామె, వగరుస్తూ. “మీ ఆయన నా పెట్టె ఎత్తుకుని నడవడం మొదలుపెట్టారు. పెట్టె ఎటు పోతే నేనూ అటే పోవాలిగా.”

బైండరు పెట్టె దించి, మడతలుపడిన ఆ కాగితం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. భార్య వైపు చూడలేదు.

“ఇప్పుడు అబద్ధం కాదు,” అన్నాడు.

పదకొండింటికి ఎంక్వయిరీ మనిషి వచ్చాడు. సన్నటి మనిషి. తడిసిన ఫైలు చంకలో పెట్టుకుని, ఇచ్చిన కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. ఆయన వెనకే ఓనరమ్మ వచ్చి తలుపు పక్కన నిలబడింది. అత్తయ్య ఆవిడని కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు.

“ఇంటి పెద్ద ఎవరండీ?”

“నేనే.”

“ఈమె ఇక్కడే ఉంటున్నారా?”

“ఉంటున్నారు,” అన్నాడు బైండరు.

ఎంక్వయిరీ మనిషి పెన్ను తీసి ఒక గడిలో టిక్కు పెట్టాడు.

“ఎప్పటి నుంచి?”

చాన్నాళ్ళ నుంచి అంటే చాలు. ఆ ఒక్క మాట. టైలరమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన ఆమె వైపు చూస్తే ఆ మాట అనగలడేమో. చూడలేదు.

“ఇవాళ పొద్దున్న తొమ్మిదింటి నుంచి.”

పెన్ను ఆగింది. “దరఖాస్తు రెండు నెలల కిందటిది కదండీ?”

“అవును. అప్పుడు ఇక్కడ ఉండేవారు కాదు. తప్పు మా ఇంటిది. ఇప్పుడు ఉంటున్నారు.”

ఎంక్వయిరీ మనిషి ఫైలు మూశాడు, తెరిచాడు. చిరాకు పడలేదు. పడి ఉంటే బాగుండేది.

“మీరు రెండో ముక్క చెప్పకుండా ఉంటే సంతకం పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి సార్. ఇప్పుడు విన్నాక నేనేం చెయ్యను?” అని దరఖాస్తు మీద అడ్డంగా గీత గీశాడు. “కొత్తది పెట్టుకోండి. ఇవాళ్టి తేదీ వేస్తున్నాను. తొంభై రోజులు ఒకే ఇంట్లో ఉన్నట్టు తేలితే కార్డు వస్తుంది. మధ్యలో చెప్పకుండా ఒకసారి వచ్చి చూస్తాను.”

ఆయన మెట్లు దిగే చప్పుడు పూర్తిగా ఆగకముందే ఓనరమ్మ అందుకుంది.

“తొంభై రోజులా? తొంభై గంటలు కూడా ఒప్పుకోను. నా ఇంట్లో ఎవరుండాలో ఆఫీసులు చెబుతాయా? ఇప్పుడే ఫోను చేస్తాను పాస్టరు గారికి. ఆయనే వచ్చి తేలుస్తారు.”

ఆవిడ దిగి వెళ్ళింది. టైలరమ్మ భర్త వైపు తిరిగింది.

“తొంభై రోజులు! అప్పటిదాకా ఆ కన్ను ఆగుతుందా? ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు చెప్పింది నేను విన్నాను, మీరు వినలేదు. మీ నోటికి మచ్చ రాలేదు. ఇప్పుడు సంతోషంగా ఉందా?”

“నేను ఆమెని తీసుకొచ్చాను కదా!”

“తీసుకొచ్చి, ఆ చేత్తోనే తోసేశారు!”

“మరేం చెయ్యమంటావు? అడిగాడు. నేను...”

“టైలరమ్మా, నువ్వు కాసేపు ఆగు.”

గొడుగులామె మంచం మీంచి లేచింది. తడుముకుంటూ వచ్చి బైండరు ఎదురుగా, చాలా దగ్గరగా నిలబడింది. అంత దగ్గరైతేనే ఆమెకి మొహాలు కనిపిస్తాయి.

“అయ్యా, పొద్దున్న వానలో వచ్చి, మా ఇంటికి రండి అన్నారు. నన్ను అండీ పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాటకే లేచాను. లేకపోతే పెట్టె పోయినా కదిలేదాన్ని కాదు. ఒక్కటి చెప్పండి. మీరు పిలిచింది నన్నేనా? లేకపోతే మీ మాట నిజం కావడానికి ఎవరో ఒక మనిషి కావలసి వచ్చారా?”

బైండరు నోరు తెరిచాడు. సంఘంలో ఎవరు ఏ సందేహం అడిగినా నిలబడిన చోటే సమాధానం చెప్పే మనిషి. వేళ్ళ మధ్య జిగురు గీకడం మొదలుపెట్టి, మానేశాడు.

“తెలియదు,” అన్నాడు.

“తెలియదా?”

“ఇంట్లోంచి బయల్దేరినప్పుడు మీరన్న రెండోదే. నిజమే. తర్వాత దారిలో... మీరు ఆ కాలవ దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు చూడండి, ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదమ్మా.”

ఆమె ఆ ఒక్క కంటితో ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత వంగి తన చెక్కపెట్టెని ఈడ్చుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. కానీ గొడుగులామె మెట్లు దిగలేదు. పెట్టెని సరిగ్గా గుమ్మంలో వేసి దాని మీద కూర్చుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

“తెలిసినప్పుడు చెప్పండి,” అంది. “నాకేం తొందర లేదు. నా కన్నుకే తొందర.”

టైలరమ్మ ఒక అడుగు వేసింది, ఆగింది. ఇది తను పిలిస్తే తీరేది కాదు.

ప్రెస్సుకి వేళ దాటిపోయి రెండు గంటలైంది. బైండరు కదల్లేదు. వాన కిటికీ రేకు మీద కొడుతోంది.

పావుగంట తర్వాత కింద స్కూటరు ఆగింది. మాటలు. ఓనరమ్మ సగం మెట్ల దాకా ఎక్కి వచ్చి అక్కడి నుంచే పిలిచింది.

“బైండరు గారూ, పాస్టరు గారు వచ్చారు. మిమ్మల్ని కిందికి రమ్మంటున్నారు. మిమ్మల్ని ఒక్కరినే.”

బైండరు చొక్కా సరిచేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. గుమ్మమంతా చెక్కపెట్టే ఉంది. గొడుగులామె జరగలేదు. జరగమని అడుగుతాడేమోనని ఎదురు చూస్తున్నట్టు, మెట్ల వైపే చూస్తూ కూర్చుంది.

పాస్టరు గారు పిలిస్తే ఆయన ఎన్నడూ ఆలస్యం చేసిన మనిషి కాదు. ఆ మెట్లు, ఆ పెట్టె, దాని మీద తడిసిన చీరతో వంగి కూర్చున్న ఆ వీపు. ఆయన వాటి ముందు నిలబడిపోయాడు.

“వింటున్నారా?” అంది ఓనరమ్మ.

“వింటున్నానండీ,” అన్నాడు బైండరు. “పాస్టరు గారినే పైకి రమ్మనండి. దారిలో మా మనిషి కూర్చుని ఉంది.”

గొడుగులామె తల తిప్పలేదు. కింద ఓనరమ్మ ఏదో చెప్పడం, ఆ తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు వినిపించాయి. ఆ పైన మెట్టు తర్వాత మెట్టుగా, నెమ్మదిగా, బూట్ల చప్పుడు పైకి రావడం మొదలైంది.